తాడు పట్టిన చెయ్యి

మొన్న ఎండాకాలం మా చేని బోరులో పైపు ఊడి మోటారు లోపల పడిపోయింది. మెకానిక్ తాడుకు కొక్కెం కట్టి వదిలాడు. 400 అడుగుల లోతులో ఏముందో కంటికి ఆనదు. తాడును రెండు వేళ్ల నడుమ పట్టుకుని, తల పక్కకు వంచి నిలబడ్డాడు. "తగిలిందన్నా, ఉండు" అన్నాడు. లాగితే ముందు తాడు సాగింది, బరువు ఆ తర్వాతే చేతికి తెలిసింది. ఆ సందులో తొందరపడి గుంజితే కొక్కెం జారిపోతుంది.

దూరం నుంచి రోబోతో చేసే ఆపరేషన్ మాట వస్తే నాకు ఆ రెండు వేళ్లే గుర్తొస్తాయి. 2001 సెప్టెంబరు 7న జాక్ మరెస్కో న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి పిత్తాశయం తీశారు. చెయ్యి కదిపాక ఆ కదలిక తెరమీద కనిపించడానికి సుమారు 155 మిల్లీసెకన్లు పట్టింది. 2025 జనవరిలో మన దేశంలో తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర రోబోతో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరాన జైపూర్‌లో గుండె ఆపరేషన్లు చేశారు. జాప్యం 35 నుంచి 40 మిల్లీసెకన్లేనన్నారు.

ఇందులో దూరం వాటా ఎంతో తెలుసా? గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే జైపూర్ పోయి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. మిగతాది ఎక్కువగా వీడియోను కుదించి పంపడంలో, అవతల విప్పడంలో, మధ్యలో ఉన్న యంత్రాల్లో పోతుంది. కాబట్టి కర్నూలుకూ హైదరాబాదుకూ మధ్య ఉన్న 200 పైచిలుకు కిలోమీటర్లు అసలు అడ్డే కాదు. జాప్యం నిలకడగా ఉంటే సర్జన్ చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఒక క్షణం 40, మరుక్షణం 200 అయితే ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా కష్టమే.

స్పర్శ సంగతి ఇంకా చిక్కు. కండ తగిలిన ఒత్తిడి ఆలస్యంగా వెనక్కి వస్తే, సర్జన్ దాన్ని సరిదిద్దేలోపే అక్కడ పరిస్థితి మారిపోతుంది. ఆ దిద్దుబాటుకు మరో దిద్దుబాటు తోడై రోబో చెయ్యి వణకడం మొదలవుతుంది. స్పర్శ తెలియని రోబోలతో సర్జన్లు ఏళ్ల తరబడి కుట్టుదారం బిగువును కంటితో చూసే అంచనా వేశారు.

నన్నడిగితే, ఈ యంత్రానికి ఉండాల్సిన మొదటి గుణం ఆగడం తెలియడం. సిగ్నల్ తెగిన క్షణాన చెయ్యి ఎక్కడున్నది అక్కడే నిలిచిపోవాలి. అప్పుడు బల్ల పక్కనున్న డాక్టరు పని అందుకోవాలి.

రేపు కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో ఇలాంటి రోబో తెస్తామంటే సంతోషమే. ఏలినవారికి ఒక్క మనవి: ఆ పెట్టె దిగకముందే, తీగ తెగితే కత్తి అందుకునే సర్జన్‌నూ, మత్తు డాక్టరునూ ఆ బల్ల పక్కన రాత్రీ పగలూ ఉండేలా నియమించండి.