గది సరే, అద్దె ఏ తారీఖున?

స్త్రీ రాయాలంటే ఏడాదికి ఐదు వందల పౌండ్లూ, తాళం వేసుకోగల ఒక గదీ ఉండాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో అన్నది. మన వ్యాసాల్లో ఆ గది గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ డబ్బు స్వభావం గురించి అంతగా మాట్లాడుకోలేదు. 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో కథకురాలికి ఆ సొమ్ము మేనత్త వీలునామా వల్ల వచ్చింది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయింది. (వలస పాలన ఎవరెవరి గదులకు అద్దె కట్టిందనేది మరో వ్యాసానికి సరిపడే ప్రశ్న.) ఆ ఐదు వందలు ఏటా వస్తాయి, బతికినంత కాలం వస్తాయి. ఈ నెల ఎక్కువ, వచ్చే నెల తక్కువ అన్న బెంగ లేదు. వూల్ఫ్ వాదానికి అసలు బలం ఆ మొత్తంలో కాదు, ఆ నిలకడలో ఉందనిపిస్తుంది నాకు.

నిలకడ లేని డబ్బుతో చదువుకుంటూ, పిల్లల్ని పెంచుతూ, అద్దె కట్టిన స్త్రీ ఏం రాసిందో చూడాలంటే బుచీ ఎమెచెటా దగ్గరికి వెళ్లాలి. 1944లో లాగోస్‌లో పుట్టి, 1962లో లండన్ చేరిన ఈ నైజీరియన్ రచయిత్రి ఇరవై రెండేళ్లకే ఐదుగురు పిల్లలతో భర్త నుంచి విడిపోయింది. 1965 నుంచి 1969 దాకా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో ఉద్యోగం చేసింది. వూల్ఫ్ కథకురాలు స్త్రీల గురించి పుస్తకాలు వెతుక్కుంటూ వెళ్లింది కూడా ఆ మ్యూజియానికే. ఒకామె బల్ల ముందు కూర్చున్న పాఠకురాలు, రెండో ఆమె అక్కడి కొలువుకు వేళకి చేరాల్సిన ఉద్యోగి. ఎమెచెటా 1972లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి సోషియాలజీ పట్టా తీసుకుంది. అదే ఏడాది మొదటి నవల 'ఇన్ ద డిచ్' వచ్చింది.

నవలలో ఆమె ప్రతిరూపం పేరు ఆదా. తెలుగులో రాస్తే ఎంత వింతగా ఉందో చూడండి, ఆదా చేయడానికి చిల్లిగవ్వ లేని మనిషికి ఆ పేరు! ఇల్లు ఖాళీ చేయించడానికి క్షుద్రపూజల వేషం వేసే ఇంటి ఓనరు బాధ పడలేక ఆమె కౌన్సిల్ ఇంటికి మారుతుంది. అంటే స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇల్లు. ఆ పాత భవంతుల్లో చెమ్మ గోడలు, కంపు కొట్టే మెట్లు. ఉద్యోగం, చదువు, పిల్లలు మూడూ ఒక్క రోజులో ఇమడవు. పిల్లల్ని చూసేవాళ్లు లేక చివరికి ఉద్యోగం వదులుకుంటుంది. భృతి కోసం వరసలో నిలబడ్డాక గాని ఆమె నిజంగా ఆ గోతి మనిషి కాదు.

అల్లిక వదులుగా ఉందని ఈ నవలను 'సెకండ్ క్లాస్ సిటిజన్' (1974) కంటే తక్కువ చేసి చదవడం ఒకటుంది. నేనలా చదవలేను. 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికలో విడివిడి ముక్కలుగా మొదలైన రచన ఇది. ఒక వారం గడవడం, మరో వారం గడవకపోవడం అన్న బతుక్కి ఆ ముక్కల రూపమే సరిపోయింది. పక్కింటి మిసెస్ కాక్స్, వూపీ వంటి తెల్ల పేద స్త్రీలు ఆదాకు నేర్పేది ఆఫీసు భాష. ఎప్పుడు ఏడవాలి, ఎప్పుడు అరవాలి, దేన్ని పైకి చెప్పకూడదు. సాయం కోరే స్త్రీ తన బతుకును ఆఫీసుకు అర్థమయ్యే కథగా మార్చి చెప్పాలి. సంక్షేమ అధికారిణి కెరల్ మంచి మనిషే, ఆప్యాయంగానే ఉంటుంది. కానీ వీళ్లు గోతిలో ఉన్నంత కాలమే ఆమె కొలువు. అక్కాచెల్లెళ్ల బంధం అని మనం తేలిగ్గా వాడే మాటకి ఈ పాత్ర ఎప్పటికైనా ఒక చిక్కు ప్రశ్నే.

ఆదా కాలం పోయింది. ఇప్పుడు బ్రిటన్‌లో అద్దె సాయంతో సహా పలు భృతుల్ని కలిపి 2013లో మొదలుపెట్టిన యూనివర్సల్ క్రెడిట్ ఉంది. దాని నియమాలను నేను సాహిత్య విద్యార్థినిగానే చదివాను. ప్రతి నియమావళిలోనూ చెప్పకుండా ఊహించుకున్న ఒక పాత్ర ఉంటుంది. ఇక్కడి పాత్ర నెలకొకసారి, ఒకే తేదీన, ఒకే జీతం అందుకునే మనిషి. ఉద్యోగ ప్రపంచాన్ని పోలి ఉండాలనే నెలవారీ లెక్క పెట్టామని దాని రూపకర్తలే చెప్పుకున్నారు. ఎవరి ఉద్యోగ ప్రపంచం అది?

పూర్తికాలం చదివేవాళ్లకు మామూలుగా ఈ సాయం రాదు, పిల్లల బాధ్యత ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మంచిదే. కానీ బతుకు ఖర్చులకిచ్చే విద్యార్థి అప్పును ఆదాయంగా లెక్కేస్తారు. అప్పు ఆదాయం ఎలా అవుతుంది? పైగా తీసుకోగలిగి ఉండి తీసుకోకపోయినా, తీసుకున్నట్టే లెక్క. దాన్ని చదువు నడిచే నెలలకు పంచి, నెలకు 110 పౌండ్లు వదిలేసి, మిగతాది సాయంలోంచి తీసేస్తారు. ఇక కూలి సంగతి. పిల్లలున్నవాళ్లు కొంత సంపాదించేదాకా కోత లేదు, అది దాటితే పౌండుకు 55 పెన్నీల కోత. కోత లేని ఆ కొంత కూడా ఇంటి సాయం తీసుకుంటే తగ్గుతుంది. 2024-25లో అది 404 పౌండ్లు, ఇంటి సాయం లేనివాళ్లకు 673. సెలవుల్లో ఎక్కువ గంటలు, పరీక్షల ముందు తక్కువ గంటలు పనిచేసే తల్లికి ఈ నెల అద్దెకి ఎంత వస్తుందో నెల పూర్తయ్యాక గాని తెలియదు. అద్దె మాత్రం ముందే కట్టాలి.

ఈ లెక్క మీద నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెళ్లారు. నెలాఖరు జీతం శని, ఆదివారాల వల్ల ఒకట్రెండు రోజులు ముందు పడితే, ఒకే లెక్కనెలలో రెండు జీతాలు పడ్డట్టు, తర్వాతి నెలలో ఏమీ రానట్టు రాసుకున్నారు. సాయం ఒక నెల పడిపోతుంది, ఒక నెల పెరుగుతుంది, మొత్తం మీద తల్లికి నష్టం. ఈ తీరు హేతువిరుద్ధమని 2020 జూన్‌లో అప్పీలు కోర్టు తేల్చింది. ప్రధాన తీర్పు రాసింది రోజ్ అనే మహిళా న్యాయమూర్తి. ఆ ఏడాదే నియమం కొంత మారింది, కానీ నెల జీతాల వాళ్లకే. నాలుగు వారాలకోసారి జీతమందుకునే మరో ఒంటరి తల్లి కేసు వేరుగా నడిచింది. వారానికి పదహారు గంటల పనికి భృతి పరిమితి నుంచి మినహాయింపు ఉన్నా, ఇరవై ఎనిమిది రోజుల జీతం క్యాలెండరు నెలకు చాలక, పన్నెండింట పదకొండు నెలలు ఆమె తక్కువ పనిచేసినట్టే లెక్క తేలింది. 2021 అక్టోబరులో అదే అప్పీలు కోర్టులో ఆమె ఓడిపోయింది.

ఇది దూరదేశపు సంగతిగా నాకు తోచదు. నేను పీహెచ్‌డీలో ఉండగా ఫెలోషిప్ నాలుగైదు నెలలకోసారి వచ్చేది, ఇంటావిడ మాత్రం "ఒకటో తారీఖంటే ఒకటో తారీఖేనమ్మా" అనేది. యూజీసీ నిబంధన ప్రకారం హాస్టల్ సీటు ఇస్తామంటే వద్దన్నవాళ్లకు ఇంటద్దె భత్యం రాదు. మా హాస్టల్లో పిల్లలకు చోటు లేదు. రెండేళ్ల పాపను ఎక్కడ పెట్టి సీటు ఒప్పుకోవాలి? సీటు లేదని వార్డెన్ రాసివ్వాలి, సీటేమో ఉంది. నా పాప ఏ గడిలోనూ లేదు. గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ అధ్యాపకురాళ్ల సంగతి ఇంకా అన్యాయం, వేసవి సెలవుల్లో వాళ్లకు నెల అంటూనే ఉండదు.

'సెకండ్ క్లాస్ సిటిజన్'ను ఎమెచెటా తన ఐదుగురు పిల్లలకు అంకితమిచ్చింది, వాళ్ల గోల లేకపోతే ఆ పుస్తకం వచ్చేదే కాదన్న అర్థంలో. తాళం వేసుకునే గదికి ఇంతకంటే సూటి జవాబు నేను చదవలేదు. అంతమాత్రాన ఆ గోలను కీర్తించి అద్దె సంగతి వదిలేయలేం. ఆమెకు ఆ గోతిలోనైనా తలుపున్న ఇల్లు దొరికింది, భృతి దొరికింది.

ఇవాళ మన దగ్గర్నుంచి అక్కడికి పరిశోధనకు వెళ్లే అమ్మాయికి ఆపాటి కూడా లేదు. 2024 జనవరి నుంచి కొత్తగా వెళ్లేవాళ్లలో దాదాపు పరిశోధక విద్యార్థులకే పిల్లల్ని వెంట తీసుకెళ్లే వీలుంది. పాఠాలు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. ఆమె వీసా మీద ప్రభుత్వ నిధుల నుంచి ఏ సాయమూ కోరరాదన్న షరతు ఉంటుంది, యూనివర్సల్ క్రెడిట్ కూడా అందులోదే. ఆదాలాగా వరసలో నిలబడి వాదించడానికి ఆమెకు కిటికీయే లేదు.