ముందు పాఠం, తర్వాత ప్యానెల్

బడిలో సాంకేతికత వాడకానికి ఒక విధానం రాయమంటే మనం ముందుగా లెక్కపెట్టేది పరికరాలను. ట్యాబులెన్ని, డిజిటల్ తెర ప్యానెళ్లు ఏ తరగతుల్లో బిగించాలి, వైఫై ఎవరికివ్వాలి, పిల్లలు ఫోన్లు తేవచ్చా అన్న వాటితోనే పత్రం నిండిపోతుంది. రేపటి త్రిభుజాల పాఠంలో లెక్కల మాస్టారు ఆ ప్యానెల్‌తో ఏం చేయాలో, పద్యం చెప్పేటప్పుడు తెలుగు టీచరు దాన్ని ఎందుకు ఆపేయాలో అందులో ఒక్క ముక్క ఉండదు. అలాంటి పత్రాన్ని స్టాకు రిజిస్టరు అనవచ్చు కానీ విధానం అనలేం. బడి విధానం పాఠం దగ్గర మొదలు కావాలి. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు? అక్కడ యంత్రం వాళ్లకు ఊతమవుతుందా, అడ్డమవుతుందా? దీనికి జవాబును సబ్జెక్టు వారీగా రాయాల్సింది ఆ సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయులే.

ఇందుకు ప్రపంచంలో కావలసినన్ని సాక్ష్యాలున్నాయి. పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల్లో ఫలితాలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం, గణితంలోనూ భాషలోనూ పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదని తేల్చింది. ల్యాప్‌టాప్ పిల్లల చేతికైతే వచ్చింది. ఏ పాఠంలో దేనికోసం తెరవాలో మాత్రం టీచర్లకు తగినంత స్పష్టత రాలేదు. ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే ప్రోగ్రామ్ మీద కార్తీక్ మురళీధరన్ తదితరులు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. అక్కడ ఫలితం వేరుగా వచ్చింది. నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు. ఆరో తరగతి చదువుతున్న పిల్లవాడు లెక్కల్లో నిజానికి మూడో తరగతి దగ్గరో నాలుగో తరగతి దగ్గరో ఆగిపోయి ఉంటే, ఆ ప్రోగ్రామ్ అక్కడినుంచే మొదలుపెడుతుంది. నలభైమంది నలభై చోట్ల ఉన్న తరగతిలో ఒక్క టీచరు చేయలేని పని అది. పైగా రోజుకు తొంభై నిమిషాల్లో సగమే తెర ముందు గడిచేవి. మిగతా సగం చిన్న బృందాల్లో మనిషే చెప్పేవారు. అక్కడ కష్టాన్ని ముందు గుర్తించి, దానికి తగిన పనిముట్టును తర్వాత ఎంచుకున్నారు. రెండు దేశాల ఫలితాల మధ్య తేడాకు అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఈ వరస పాటిస్తే ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో జవాబు వస్తుంది. త్రిభుజంలో మధ్యగత రేఖలు మూడూ ఒకేచోట కలుస్తాయని నల్లబల్ల మీద ఒక బొమ్మ గీసి చెబితే పిల్లలు ఒప్పుకుంటారంతే. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో శీర్షాన్ని వేలితో లాగుతూ, త్రిభుజం ఎంత వంకర పోయినా ఆ బిందువు లోపలే ఉండటం చూస్తే ఎందుకలా అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టించడానికి తెర కావాలి. నిరూపణ మాత్రం నోటుబుక్కులో చేత్తో రాయాల్సిందే. సైన్సులో తీగలో కదిలే ఎలక్ట్రాన్లను కంటితో చూడలేం కాబట్టి అక్కడ సిమ్యులేషన్ పనికొస్తుంది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడటాన్ని వీడియోలో చూపిస్తే మాత్రం పిల్లల చేతిలోంచి ప్రయోగాన్ని లాక్కున్నట్టే. సోషల్‌కు ఇస్రో వారి ‘భువన్’ పటాల వెబ్‌సైటు ఉంది. ఉపగ్రహ చిత్రంలో తమ ఊరి చెరువును వెతికి పట్టుకుని, అలుగు ఎటు పారుతుందో, ఆయకట్టులో ఇళ్ల ప్లాట్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకున్న పిల్లలకు నీటి వనరుల పాఠం ఇక బట్టీ పట్టే పని కాదు. తెలుగు తరగతిలో యూనికోడ్‌లో టైపు చేయడం, ఇంట్లో అమ్మమ్మ చెప్పే సామెతల్ని రికార్డు చేసి ఎత్తిరాయడం నేర్పాలి. పద్యం దగ్గర మాత్రం తెర మూసేయాలి. పాదంలో ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఎక్కడ విరవాలో పిల్లలకు టీచరు గొంతులోనే పట్టుబడుతుంది.

టీచర్లకు అంత తీరిక ఎక్కడిదని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. హాజరు మొదలు మధ్యాహ్న భోజనం ఫొటో దాకా యాప్‌ల పని ఇప్పటికే వాళ్ల నెత్తిన ఉంది. కాబట్టి విధానంలో మొదటి వాక్యం ఆ భారం తగ్గించేదై ఉండాలి. పాఠానికి ఉపయోగపడని నమోదు పనేదీ పీరియడ్ వేళలో చేయించకూడదు. తక్కిన ఆలోచనకు చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. కేరళ 2001లో మొదలుపెట్టిన ‘ఐటీ ఎట్ స్కూల్’ కార్యక్రమంలో బడి టీచర్లే తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. జీతభత్యాలు, బదిలీల సంగతుల్లో మనకూ వాళ్లకూ తేడాలుండొచ్చు కానీ ఈ పద్ధతిని ఇక్కడ ఆపేదేమీ లేదు. బీద పిల్లలకు కంప్యూటర్ దొరికేది బడిలోనే, పాఠం చూసి ఆచితూచి వాడమంటే వాళ్లకే నష్టం కాదా అన్నది మరో అభ్యంతరం. 2024 అసర్ విద్యా సర్వే నివేదిక ప్రకారం గ్రామాల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లే. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువుకోసం దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. తెర ముందు కూర్చోవడం పిల్లలకు వచ్చు. దాంతో ఆలోచించడమే బడి ఇవ్వాల్సింది, అది బీద పిల్లలకే మరీ అవసరం.

విధానంలో ఇంకో రెండు సంగతులు ఉండి తీరాలి. మొదటిది, పాఠం ఎవరి చేతిలో ఉండాలన్నది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ కంపెనీ పాఠాలున్న ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైకి ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ఒక కంపెనీ చేతిలో ఉంటే ఆ కంపెనీ ఒడుదుడుకులన్నీ బడికీ తగులుతాయి. అందుకే టీచర్లు మార్చుకోగల, స్వేచ్ఛగా దాచుకోగల సామగ్రికే మొదటి చోటివ్వాలి. రెండోది కృత్రిమ మేధ. దాన్ని నిషేధించినా, తలుపులు బార్లా తెరిచినా టీచరు నిర్ణయం అక్కర్లేకుండా పోతుంది. వ్యాసరచన నేర్పే తొమ్మిదో తరగతిలో మొదటి ప్రతి పిల్లలే రాయాలి, ఆ తర్వాత యంత్రం సూచించిన మార్పుల్లో ఏది ఎందుకు ఒప్పుకున్నారో పక్కన రాయాలి. అదే యంత్రాన్ని ఇంగ్లిష్ మాట్లాడే అభ్యాసానికి ఇంకాస్త ధారాళంగా వాడొచ్చు. ఇవన్నీ ఏ టీచరుకు ఆ టీచరు ఏటా మార్చుకోవాల్సిన నిర్ణయాలు. వార్షిక పరీక్షలు ముగిశాక ఒక పూట కూర్చుని, ఏ పాఠంలో తెర పనికిరాలేదో ఆ పాఠం ఎదుట కొట్టివేత గీత గీసే అధికారం హెచ్‌ఎంకు, టీచర్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి.