వన్స్‌మోర్ అడిగే హక్కు

కృష్ణ డెల్టాలో వరికి ఒక కారు ఉన్నట్టే పద్యానికీ ఒక కారు ఉండేది. వరి కోసి, కుప్పలు నూర్చి, ఆ మాగాణిలోనే చల్లిన మినుమూ పెసరా ఇంటికి చేరాక మొదలయ్యేది. శివరాత్రి తిరునాళ్లతో ఊపందుకుని, శ్రీరామనవమి పందిళ్లలో నిండుగా పండి, తొలకరి చినుకు పడేదాకా నడిచేది. ఆ నాలుగు నెలలూ తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య ఏ ఊళ్లో చూసినా రాత్రిపూట హార్మోనియం మోగుతూనే ఉండేది. రామాలయం ముందు ఖాళీ ఉంటే అక్కడ, లేకపోతే కోసేసిన చేలో నాలుగు బల్లలు కలిపి స్టేజీ వేసేవారు. చాపలు, గోనెపట్టాలు ఎవరివి వాళ్లే తెచ్చుకునేవారు. పొద్దుపోయాక మొదలైన నాటకం తెల్లవారితేగాని ముగిసేది కాదు.

పద్యనాటకం ఆరుబయట పుట్టలేదు. అది మన దగ్గరికి కప్పు కింద, టిక్కెట్టు మీద వచ్చింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్లు వచ్చి తాత్కాలికంగా పాకలు వేసి ఆడారు. వాళ్లను చూసే మనవాళ్లకు తెర, రంగుల సీను, హిందుస్తానీ రాగాలు అలవాటయ్యాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి వాళ్లు కూడా డేరా కట్టి, టిక్కెట్టు పెట్టి బతికినవాళ్లే. కానీ డెల్టాకు వచ్చేసరికి నాటకం గోడలు విప్పేసుకుంది. ఎందుకంటే ఇక్కడ ఆరుబయట రాత్రంతా కూర్చుని వినే జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారు. వీధి భాగవతాలు, హరికథలు, కృష్ణ అవతలి ఒడ్డు నుంచి వచ్చే కూచిపూడి మేళాలు వాళ్లకు ఆ అలవాటు చేసిపెట్టాయి. ధార్వాడ వాళ్లు తెచ్చిన తెర, భాగవతుల రాత్రి జాగారం కలిసి ఒక కొత్త వస్తువు తయారైంది.

అది ఇక్కడే కుదరడానికి కారణాలు నేలలోనే ఉన్నాయి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు నీళ్లు నిలకడగా వచ్చాయి. వరి వచ్చింది, బియ్యం మిల్లులు వచ్చాయి, చందా ఇవ్వగలిగిన చేతులు వచ్చాయి. దానికి రైలు తోడయింది. తెనాలి జంక్షను. మద్రాసు లైను ఒకవైపు, గుంటూరు, రేపల్లె శాఖలు ఇంకోవైపు. ఈ రాత్రి రేపల్లె వైపు పల్లెలో శ్రీకృష్ణుడు వేసినవాడు రంగు కడుక్కుని బండెక్కితే రేపు రాత్రికి బాపట్ల దాటి ఎక్కడైనా మళ్లీ కిరీటం పెట్టుకోవచ్చు. అందుకే ఆర్టిస్టులు తెనాలిలో కాపురం పెట్టారు. వాళ్లను ఊళ్లకు కుదిర్చిపెట్టే కాంట్రాక్టర్లు తయారయ్యారు. ఫలానా కృష్ణుడు, ఫలానా దుర్యోధనుడు కావాలని కమిటీవాళ్లు ముందుగానే వచ్చి బయానా ఇచ్చి వెళ్లేవారు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నవాళ్లు ఏ సోకును చూసి అన్నారోగాని, నాకు మాత్రం అందులో సగం ఆ మేకప్పు పెట్టెల వాసనే.

మా బాబాయి హార్మోనియం వాయించేవాడు. పెద్ద పేరున్న మేష్టారు కాదు. ఊళ్లో కుర్రాళ్లు నాటకం కట్టుకుంటే పిలిచే మనిషి. ఆయన దగ్గర నేను వాయించడం నేర్చుకోలేదుగాని వినడం నేర్చుకున్నాను. పద్యాన్ని అంత రాగం తీసి సాగదీస్తారెందుకని ఒకసారి అడిగాను.

"మాట ముందు చాపవాడికిరా అబ్బాయ్. రాగం వెనక చాపవాడికి" అన్నాడు.

ఆ మాటలో ఎంత పనితనం ఉందో ఆలోచించినకొద్దీ తెలుస్తుంది. మైకులు రాని రోజుల్లో ఆరుబయట గొంతుకు గోడ ఆసరా ఉండదు. పలికిన మాట తిరిగి రాదు, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. దూరం వెళ్లేకొద్దీ ముందుగా అరిగిపోయేవి హల్లులు. అచ్చు నిలబడుతుంది. అందుకని నటుడు పద్యపాదాన్ని గబగబా, స్పష్టంగా, మాటకు మాట విడిగా అనేసి, చివర అచ్చు మీద రాగం ఎత్తుకుంటాడు. ముందువాడికి అర్థం అందుతుంది, వెనకవాడికి భావం అందుతుంది. జారిపోయిన అక్షరాన్ని యతి, ప్రాస పట్టిస్తాయి. రెండో అక్షరం ఏం రావాలో, విరుపు తర్వాత ఏ అక్షరం మోగాలో చెవికి ముందే తెలుసు గనక, వినపడని చోట కూడా వినేవాడు పూరించుకుంటాడు. అసలు తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో పద్యాలు సగం మందికి కంఠతా వచ్చు. వాళ్లు వచ్చేది పద్యం తెలుసుకోవడానికి కాదు, ఈయన ఎలా అంటాడో చూడ్డానికి.

శ్రుతి కూడా అలాగే. కచ్చేరీ గాయకుడు హాయిగా కూర్చునే శ్రుతిలో స్టేజీ నటుడికి పని జరగదు. నిలబడి, నడుస్తూ, బరువైన కిరీటంతో, ఎత్తు శ్రుతిలో పాడాలి. పైస్థాయిలో నిలబడగలిగితేనే చేను చివర ఎడ్లబండి మీద కూర్చున్నవాడికి చేరుతుంది. ఆ గొంతును మోయడానికి హార్మోనియమే సరైన తోడు. 1940లో ఆకాశవాణి ఆ వాయిద్యాన్ని గమకం పలకదన్న కారణంతో వెలివేసి 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ దానికి మన స్టేజీల పక్కన పెద్దపీటే. రేడియోకు కావలసింది సన్నటి గమకం, చేనుకు కావలసింది నిలకడగా మోగే శ్రుతి. ఎవరి అవసరం వాళ్లది.

ఈ నేల తయారుచేసిన మనుషుల్ని చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో బాపట్లలోనే హరిశ్చంద్ర ఆడుతుంటే చంద్రమతి వేషగాడు రాకపోవడంతో ఆ చీర ఈయన కట్టాడు. తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి. 1956లో పద్మశ్రీ వచ్చింది. తులాభారంలో సత్యభామకు ఆయనే రాసుకున్న పాట 1966లో సినిమాకెక్కి సుశీల గొంతులో ఇంటింటికీ వెళ్లింది. పెట్రోమాక్సు వెలుగులో దూరాన కూర్చున్నవాడికి నటుడి కనురెప్పలు కనపడవు. కనపడేది నడక, మెడ విరుపు, పైట సర్దుకునే తీరు. స్థానం గురించి చూసినవాళ్లు చెప్పుకునేది కూడా అవే.

తెనాలికి కాస్త అవతల సుద్దపల్లిలో 1901లో పుట్టిన కల్యాణం రఘురామయ్యది ఇంకో దారి. గొంతు ఒకటి చాలదన్నట్టు వేలు నోట్లో పెట్టి ఈలతో రాగాలు పలికించాడు. ఇంటిపేరు పోయి ‘ఈలపాట’ నిలిచింది. కృష్ణుడి చేతిలో పిల్లనగ్రోవి ఉండగా ఈల ఎందుకని పండితులు అడగవచ్చు. చేలో కూర్చున్నవాళ్లు అడగలేదు. ఈలకు తలుపు లేదు, ఎంత దూరమైనా పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కళకు గురువు ఎవరని నన్నడిగితే చాప మీద కూర్చున్నవాడే అంటాను. అతను టిక్కెట్టు కొనలేదు. చందా ఇచ్చి ఉంటే ఇచ్చాడు, లేకపోతే లేదు. కట్టిపడేసే డబ్బు లేదు, ఆపే తలుపు లేదు. బాగోకపోతే చాప చుట్టుకుని ఇంటికి పోతాడు. పది చాపలు లేచాయంటే స్టేజీ మీదవాడికి కనపడుతుంది. బాగుంటే వన్స్‌మోర్ అంటాడు. అది మెచ్చుకోలు ఒక్కటే కాదు, పరీక్ష కూడా. మొదటిసారి పాడినట్టే రెండోసారి పాడితే జనం ఊరుకోరు. మోహనలో అన్నదాన్ని ఇంకో పోకడలో అనాలి, లేదా అదే రాగంలో కొత్త మెట్టు ఎక్కాలి. అక్కడికక్కడ, రాత్రి రెండింటికి, అలసిన గొంతుతో. అలా ఊరూరా రాత్రి తర్వాత రాత్రి పరీక్ష రాసినవాడి గొంతు ఎలా సానబడుతుందో వేరే చెప్పాలా!

దీనికి రెండో వైపు లేదనను. అడిగేవాడి చేతిలో పగ్గాలుంటే బండి ఎటైనా పోతుంది. వన్స్‌మోర్ల మధ్య కథ ముక్కలైంది. రాగం ముదిరి పద్యాన్ని మింగేసింది. చచ్చి పడిపోయిన పాత్ర లేచి పద్యం అందుకుని మళ్లీ చచ్చిందన్న హాస్యాలు ఊరికే పుట్టలేదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాయబారానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చి, అంకానికొకరు పాడి వెళ్లేవారు. వాళ్లందరూ కలిసి ఒక్కరోజైనా రిహార్సలు వేసుకునేవారు కాదు. నాటకాన్ని ఒక దారిలో పెట్టాలన్న ఆలోచనతో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది కూడా తెనాలిలోనే. అందుకు పూనుకున్నది సురభి వనారస గోవిందరావు. జబ్బు ఉన్నచోటే వైద్యుడూ పుట్టాడన్నమాట.

ఇంకొకటి కూడా చెప్పాలి. తలుపు లేకపోవడం అంటే అందరికీ ఒకే చాప అని కాదు. ముందు పెద్దలు, ఒక పక్క ఆడవాళ్లు, అంచున పేటల నుంచి వచ్చినవాళ్లు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేకుండా అందరికీ తెలిసిన కాలం అది. అలాంటి చోటే ఒక విచిత్రం జరిగింది. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టినవాడు. ఆయన నాటకంలో కాటి సీనుకు నటులు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు తెచ్చి కలుపుకున్నారు. అంటరానితనం చవిచూసిన కవి, చావు ముందు అందరూ సమానమని చెప్పిన పద్యాలు. వాటిని సమానంగా కూర్చోని జనం వన్స్‌మోర్ అడిగి మరీ విన్నారు. కాటి సీను లేకుండా హరిశ్చంద్ర లేదు, జాషువా లేకుండా కాటి సీను లేదు అన్నంత దాకా వచ్చింది. విన్నంతలో ఊరు మారిందని చెప్పను. కానీ ఏ సంఘమూ, ఏ పరిషత్తూ ఆ పద్యాలను అక్కడ పెట్టమనలేదు. చేలో కూర్చున్న చెవులే వాటిని నిలబెట్టాయి.

తలుపు లేని సంగీతం డెల్టాకే పరిమితమైన సంగతి కాదు. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ ఉత్సవానికి ఒక పాడిరైతు పొలం అద్దెకు తీసుకున్నారు. టిక్కెట్లు అమ్మారు, కంచె వేయబోయారు. లక్షల్లో జనం వచ్చేసరికి కంచె నిలవలేదు, నిర్వాహకులు ఉచితమని ప్రకటించక తప్పలేదు. వాళ్లు నష్టపోయి తెలుసుకున్నదాన్ని మన నవమి కమిటీలు చందా పుస్తకంతో ముందే సర్దుకున్నాయి.

ఇప్పుడు పద్యనాటకం మళ్లీ కప్పు కిందికి వెళ్లింది. పోటీలు జరుగుతున్నాయి, బహుమతులు ఇస్తున్నారు, కుర్రగొంతులు వస్తున్నాయి. సంతోషమే. ఈమధ్య అలాంటి ఒక పోటీకి వెళ్లాను. కృష్ణుడు గట్టివాడు. పడక సీనులో ఒక పద్యం చివర పైషడ్జం మీద నిలబడితే నా వెనక వరుసలో ఒకాయన వన్స్‌మోర్ అన్నాడు. పక్కవాళ్లు "ఉష్" అన్నారు. టైము మించితే మార్కులు పోతాయట. నటుడు మన వైపు చూడనైనా లేదు, న్యాయనిర్ణేతల బల్ల వైపు చూశాడు. గొంతులో లోపం లేదు, పాఠంలో లోపం లేదు. పరీక్ష పెట్టేవాళ్లు మారారు, అంతే. ముగ్గురి కోసం పాడే పాట ముగ్గురికి సరిపోయేంతే పెరుగుతుంది.

అలాగని చేలో పెట్టినంత మాత్రాన పాత రోజులు రావు. ఇవాళ చాలా పందిళ్లలో సౌండు బాక్సులు మనిషెత్తు ఉంటున్నాయి. వెనకవాడి కోసం రాగం తీయాల్సిన అవసరమే పోయింది, అయినా పాత అలవాటుగా తీస్తున్నారు. మైకు దగ్గరుంటే గొంతు తగ్గించి మాట నిలపవచ్చు. కాటి సీనులో గుసగుస కూడా చేను చివరికి చేరుతుంది. ఆ వీలును వాడుకున్నవాడు ఈ కాలపు నటుడవుతాడు.

కాబట్టి నవమి కమిటీలో ఉన్నవాళ్లకు నాదొక మనవి. రాత్రంతా పెట్టలేకపోతే రెండు సీన్లే పెట్టండి, కానీ పూర్తిగా పెట్టండి. ఇద్దరు కృష్ణుల్ని పిలిచే డబ్బుతో ఒక కృష్ణుణ్ణి, ఒక మంచి హార్మోనియం మేష్టార్ని పిలిచి, సాయంత్రమే రప్పించి ఒక్కసారి కలిసి పాడుకోనివ్వండి. సన్మానాలు, శాలువాలు నాటకం మధ్యలో దూర్చకండి. పోటీలు నడిపేవాళ్లకు ఇంకో మాట. పద్యానికి జనం అడిగిన వన్స్‌మోర్‌ను టైములో లెక్కవేయకండి. వినేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్నది. బాగుంటే నోరు తెరిచి అడగండి. బాగోకపోతే మొహమాటపడకుండా లేచి వెళ్లండి. ఈ కళను పెంచింది ఆ రెండు మర్యాదలే. మొదటిది మనకింకా కాస్తో కూస్తో గుర్తుంది, మరిచిపోయింది రెండోదాన్నే.