చెవి వెనకాల ఎముక

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి వైపు చెవి కారుడు కొత్త జబ్బేమీ కాదు. కర్ణభేరికి చిల్లుపడి చీము ఆగని చెవిలో మామూలు చెవి మిషన్ బిరడా పెడితే గాలాడదు, కారుడు ఎక్కువవుతుంది. ఆడియాలజిస్టు పనితనం తెలిసేది ఇక్కడే.

ముందు 512 హెర్ట్జ్ శృతిదండం. మోచేతికి తట్టి, కాడను చెవి వెనకాల ఎముకకు ఆనిస్తారు. మోత ఆగిందనగానే చెవి ముందుకు తెస్తారు. బాగున్న చెవికి ఇంకా వినిపిస్తుంది. ధ్వని వెళ్లే దారి చెడిన చెవికి వినిపించదు. రిన్నే అనే జర్మన్ వైద్యుడు 1855లో చెప్పిన పరీక్ష ఇది. ఇంత చవకగా ఇంత చెప్పే పనిముట్టు మరొకటి నేను చూడలేదు.

లోపలి చెవి బాగుంటే ఎముకే దారి. కోత లేకుండా, కంపించే చిన్న మిషన్‌ను మెత్తటి పట్టీతో తలకు కడతారు. పుట్టుకతో చెవి రంధ్రం లేని పసివాళ్లకు పెద్ద ఆసరా. పట్టీ వదులైతే మాట పలచబడుతుంది, బిగిస్తే చర్మం కందుతుంది. ఆ రెంటి మధ్య బిగువు వేలికే తెలియాలి. చర్మం 'స', 'ష' లాంటి సన్నటి శబ్దాలను కొంత మింగేస్తుంది కాబట్టి వాటికి బలం పెంచాలి. చర్మానికి అతికించే రకాలూ వచ్చాయి.

ధర మాత్రం, 2015లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడిన బోధన్ చెరకు రైతుకు మోయలేని బరువే. అందుకే పట్టీ ఉతికేముందు మిషన్ ఊడదీయమని బిడ్డను తెచ్చిన అమ్మమ్మకు రెండుసార్లు చెప్పి పంపాలి.