దగ్గరి ఊళ్ల విమానం

ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు మా జహీరాబాద్. చెరకు తోలే రైతు ట్రాక్టర్ కొనాలంటే హార్స్‌పవర్ ఎంత, ట్రాలీ ఎంత లాగుతుంది, డీజిల్ ఎంత తాగుతుంది అని అడుగుతాడు. రంగు సంగతి ఆఖర్న. విమానాలు కొనే కంపెనీల లెక్క కూడా ఇంతే.

మాకు శంషాబాద్ కన్నా బీదర్ దగ్గర. అక్కడి ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద 2020 ఫిబ్రవరి 7న ప్రయాణికుల విమానాలు మొదలైనప్పుడు, బెంగళూరుకు ఎగిరింది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ వారి ఏటీఆర్ 72. పంకాల విమానం కదా అని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకైతే అంత పొందికైన పనితనం పెద్ద జెట్‌లలో కూడా కనిపించదు.

దాని రెక్క చూడండి. నడుముకి కాక, వీపు మీద పరిచి ఉంటుంది. అందుకే దాదాపు నాలుగు మీటర్ల వెడల్పున తిరిగే ఆరు రేకుల పంకా నేలకి తగలదు, విమానం పొట్టేమో నేలకి దగ్గరగా ఉంటుంది. వెనక తలుపు తెరిస్తే మెట్లు దాంతోనే కిందికి దిగుతాయి. ఏరోబ్రిడ్జి కోసం చూడక్కర్లేదు. సామాన్ల గది ముందు, పైలట్ల వెనకే. జనమంతా తోక వైపు నుంచి ఎక్కుతారు కాబట్టి ఆ బరువుకి విమానం వెనక్కి కూలబడకుండా తోక కింద ఒక ఊత పెడతారు, ఎద్దులు విప్పిన బండికి కర్ర ఆనించినట్టు!

నాకు మరీ నచ్చింది ఇంకోటుంది. నేల మీద కరెంటు కోసం, ఏసీ కోసం జెట్‌లు తోకలో మరో చిన్న ఇంజిన్ మోసుకు తిరుగుతాయి. ఏటీఆర్‌కి అది లేదు. కుడి ఇంజిన్‌ని నడుస్తూనే ఉండనిచ్చి, దాని పంకాకి మాత్రం బ్రేకు వేస్తారు. జనం ఎక్కేది ఎడమ వైపు కదా! ఒక ఇంజిన్ బరువు మిగిలింది.

వేగం గంటకి అయిదు వందల కిలోమీటర్ల చిల్లర. జెట్ ముందు తక్కువే. కానీ దగ్గరి ఊళ్ల మధ్య జెట్‌కి పైకెక్కడం, కిందికి దిగడంతోనే సరిపోతుంది. అది మిగిల్చే కొద్ది నిమిషాలకి తాగే ఇంధనం చాలా ఎక్కువ.

ఒకే రకం విమానాలుంటే పైలట్లు, మెకానిక్‌లు, విడిభాగాలు అన్నిటికీ సరిపోతారని చాలా కంపెనీలు ఆ సూత్రం వదలవు. ఎయిర్‌బస్ ఏ320 కుటుంబంతోనే పెరిగిన ఇండిగో కూడా చిన్న ఊళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ సూత్రాన్ని సడలించింది. 2017 డిసెంబర్‌లో దాని మొదటి ఏటీఆర్ బయల్దేరింది మన హైదరాబాద్ నుంచే, మంగళూరుకి. అందులో 78 సీట్లు. అప్పట్లో మన దేశంలో 80కి తక్కువ సీట్లున్న విమానానికి ల్యాండింగ్ రుసుము ఉండేది కాదు. ఆ లెక్క కూడా ఉందనుకోవాలి.



ఏటీఆర్‌లో లోపం లేదా? ఉంది, చప్పుడు. పంకాలు ముందు వరసల పక్కనే తిరుగుతాయి. కాబట్టి ఎక్కితే వెనక సీటు అడగండి. చప్పుడు ఫరవాలేదనుకుంటే రెక్క కింది కిటికీ దగ్గర కూర్చోండి. దిగేముందు పొట్ట పక్కనున్న ఉబ్బులోంచి చక్రాలు బయటికి రావడం కళ్లారా చూడొచ్చు.