అదను దాటిన చేర్పు: లినక్స్ నియమపాలనపై ఒక విమర్శ

కంప్యూటరు యంత్రభాగములను, వానిపై నడచు ప్రోగ్రాములను అనుసంధించునది కెర్నెల్. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌ను నేడు పెక్కు దేశములవారు కలిసి వ్రాయుచున్నారు. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్పులు సూచింపవచ్చును. కాని సూచించిన మార్పులెల్ల చేర్పబడవు.

ఇందులకొక నియమము కలదు. ఒక కూర్పు వెలువడిన పిదప రెండు వారములు మాత్రమే క్రొత్త సౌకర్యములకు తలుపు తెరచియుండును. తరువాతి ఆరేడు వారములు దోషములను సవరించుటకే. సేద్యములో వలెనే ఇచటను అదను ముఖ్యము. ఆలస్యముగా వచ్చిన చేర్పు ఎంత మంచిదైనను, దానిని పరీక్షించుటకు వ్యవధి చాలదు. కనుకనే ఈ నియమము గుణమునకు ముందు కాలమును చూచును.

2025 జూన్‌లో దీనికి గట్టి పరీక్ష వచ్చినది. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనునది డిస్కుపై ఫైళ్లను అమర్చు ఒక పద్ధతి. 2024 జనవరిలో వెలువడిన 6.7 కూర్పుతో అది కెర్నెల్‌లో చేరినది. 6.16 కూర్పు సవరణల దశలో నుండగా, పోయిన ఫైళ్లను తిరిగి రాబట్టుటకు తోడ్పడు సాధనమొకటి దాని నిర్వాహకుడు కెంట్ ఓవర్‌స్ట్రీట్ పంపిరి. వాడుకరుల దత్తాంశమును రక్షించుటకంటె అవసరమైన సవరణ ఏదని ఆయన వాదము. ఇది సవరణ గాదు, క్రొత్త సౌకర్యమని టోర్వాల్డ్స్ ఆక్షేపము. తుదకు టోర్వాల్డ్స్ దానిని చేర్చుకొనిరి. చేర్చుకొనుచునే ఇక దారులు వేరగునని సూచించిరి. 2025 నవంబరులో వెలువడిన 6.18 కూర్పునుండి బీక్యాష్‌ఎఫ్‌ఎస్ పూర్తిగా తొలగింపబడినది.

నిర్వాహకుని వాదము హృద్యమే కాని, నిలువదు. ఆపదలో నున్న కొలదిమందికి ఆ సాధనమును ప్రత్యేకముగా అందింపవచ్చును. అందుకై అందరికిని పోవు కూర్పును కదలింప నక్కరలేదు. ప్రతి నిర్వాహకునకును తన చేర్పు అత్యవసరముగనే తోచును.

అయినను నియమమును అమలు జరిపిన తీరు మెచ్చదగినది కాదు. ఇట్టి ఆక్షేపణ 2024 ఆగస్టులోనే వచ్చియుండెను. మాటలలో హెచ్చరించి చేతలలో చేర్చుకొన్నచో నియమము బేరమగును. ఒక్క చేర్పును త్రిప్పిపంపుట చిన్న శిక్ష. పద్ధతినే తొలగించుట పెద్ద శిక్ష. ఆ పెద్ద శిక్ష తగవులాడినవారికంటె, ఆ పద్ధతిని నమ్మి ఫైళ్లు దాచుకొన్నవారికే ఎక్కువగా తగిలినది. వారిప్పుడు దానిని కెర్నెల్‌కు వెలుపలినుండి వేరుగా తెచ్చుకొనవలెను.

సవరణకును సౌకర్యమునకును నడుమ హద్దు ఎచటనో ముందే స్పష్టపరచవలెను. దత్తాంశరక్షణ వంటి అత్యవసరములకు మార్గమొకటి చూపవలెను. ఆపై మొదటి అతిక్రమణనాడే “వచ్చే అదనుకు రండు” అని నెమ్మదిగా త్రిప్పిపంపవలెను. అట్లు చేసినచో నియమమును నిలుచును, వాడుకరియు నష్టపడడు.