ఎవరి ఊరు, ఎవరి ఫొటో?

హైదరాబాదు ఫొటో అనగానే మనలో చాలామందికి ఒకటే దృశ్యం గుర్తొస్తుంది. మధ్యలో చార్మినార్, దాని కింద ఆటోలు, తోపుడుబళ్ళు, ఓ పక్కగా నల్లటి బురఖాలో నడిచిపోతున్న ఒక స్త్రీ. క్యాలెండర్లలో, పర్యాటక కరపత్రాల్లో, ఖరీదైన ఆర్టు పేపరు మీద అచ్చయ్యే నగర చరిత్ర పుస్తకాల్లో, ఇప్పుడు అందరి సెల్‌ఫోన్లలో ఇదే ఫొటో కొద్ది మార్పులతో తిరుగుతూ వుంటుంది. లాడ్ బజారు ఫొటో అయితే ఆమె గాజులు బేరమాడుతూ వుంటుంది. ఫొటో కింద కట్టడం పేరు వుంటుంది, తీసినవాళ్ళ పేరు వుంటుంది. ఆమె పేరు వుండదు. కట్టడానికి కాస్త రంగూ, పాతబస్తీకి కాస్త రహస్యమూ అద్దడానికి ఆమె అక్కడ వుంది.

పుట్టి పెరిగిన ఊరిని ఫొటోలు తియ్యడం పైకి చాలా అమాయకమైన సరదాలా కనిపిస్తుంది. ఊరిమీద ప్రేమ తప్ప అందులో ఇంకేముంది అనుకుంటాం. కథనో కవితనో చదివేటప్పుడు ఎవరు చెప్తున్నారు, ఎక్కడ నిలబడి చెప్తున్నారు, ఎవరి గురించి చెప్తున్నారు అని అడగడం మనకి అలవాటయింది. ఫొటోని మాత్రం ఆ ప్రశ్నలు అడగం. అది ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తుందని నమ్మేస్తాం. మా ఊరి ఫొటోలని కొన్నింటిని ఆ ప్రశ్నలతో చదవాలని ఈ ప్రయత్నం. ఆ ప్రశ్నలు చివరికి నా కెమెరా దగ్గరికే వచ్చి ఆగాయి కాబట్టి మధ్యలో నా సంగతీ కొంత చెప్పాల్సి వస్తుంది.

హైదరాబాదుని ఫొటోల్లో చూడటం మనకి నేర్పినవాళ్ళలో మొదటి వరసలో చెప్పాల్సిన పేరు రాజా దీన్‌దయాళ్‌ది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. నిజాం ఆయనకి 'ముసవ్విర్ జంగ్' అనే బిరుదిచ్చాడు. చార్మినార్, ఫలక్‌నుమా, దర్బారులు, వేటలు, కవాతులు ఆయన పెద్ద కెమెరాలోని గాజు పలకల మీదకి ఎక్కాయి. ఆ కాలపు కట్టడాల ఫొటోల్లో మనిషి చాలాసార్లు కొలబద్ద మాత్రమే. గోడ ఎంత ఎత్తో, కమాను ఎంత వెడల్పో తెలియడానికి ఒకరిని అక్కడ నిలబెడతారు. ఇవాళ్టి క్యాలెండరులో బురఖా స్త్రీ చేస్తున్న పని దానికి మరీ దూరమైనదేం కాదు.

అయితే దీన్‌దయాళ్ కథలో మనం ప్రత్యేకంగా ఆగి చూడాల్సినవి రెండున్నాయి. 1892లో ఆయన హైదరాబాదులో ఒక జెనానా స్టూడియో తెరిచాడు. అది స్త్రీలకు మాత్రమే. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగవాళ్ళ కంట పడకుండా ఫొటోలు తీయించుకోవడానికి పెట్టిన స్టూడియో. దాని బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళది. చరిత్ర పుస్తకాలు ఆమెని 'మిసెస్ కెన్నీ-లెవిక్' అనే పిలుస్తాయి. అంటే భర్త ఇంటిపేరుతో. మన నగరంలో ఆడవాళ్ళ చూపులోంచి ఆడవాళ్ళని ఫొటోలు తీసిన తొలి రోజుల గురించి చెప్పుకోవాలంటే, తీసినామెకి కూడా సొంత పేరు లేని చోటునుంచి మొదలుపెట్టాలి.

జెనానా స్టూడియోని పితృస్వామ్యపు మరో గోడగా కొట్టిపారెయ్యడం తేలిక. గోడే, సందేహం లేదు. కానీ ఆ గోడ లోపల ఒక విషయం జరిగింది. ఫొటో తీయించుకునే స్త్రీ తనంతట తానుగా వచ్చి కూర్చుంది. తీసేది స్త్రీ అని ఆమెకి తెలుసు. తన ఫొటో వీధిలోకి పోదన్న హామీ మీదే ఆమె వచ్చింది. ఆ హామీలో ఆమె ఇంటి మగవాళ్ళ మాటే ఎక్కువై వుండొచ్చు. అయినా చూసే కళ్ళకి ఒక హద్దుంది.

రెండోది అదే దశాబ్దం చివర. 1899-1900లో కరువొచ్చింది. అప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాదులో కరువు బాధితుల్ని, సహాయక ఏర్పాట్లనీ దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. ఎముకలు బయటపడ్డ శరీరాలు. వాటికి పెట్టిన శీర్షిక కూడా చిక్కిపోయిన శరీరాల్లో ఎన్ని 'రకాలు' వున్నాయో చూపించే ధోరణిలోనే వుంటుంది. ఈ ఫొటోలు సర్కారు చేస్తున్న సాయానికి సాక్ష్యాలు. అక్కడ పరదా లేదు, గోడ లేదు, హామీ లేదు. ఒకే ఫొటోగ్రాఫరు, ఒకే రాజ్యం, పది సంవత్సరాలలోపు కాలం. బేగం ముఖానికి దొరికిన మర్యాద ఆకలితో వున్న స్త్రీ శరీరానికి దొరకలేదు. కెమెరా ముందు స్త్రీలందరం ఒకటి కాదు అన్న సంగతి ఈ రెండు రకాల ఫొటోలనీ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప మనకి అర్థం కాదు. విడివిడిగా చూస్తే ఒకటి రాచరికపు ముచ్చట, ఇంకొకటి కరువు చరిత్ర.

మరి కెమెరా వెనక స్త్రీ నిలబడితే? ఇక్కడ హోమాయి వ్యారావాలా (1913-2012) గుర్తు రాక తప్పదు. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫరు. ఢిల్లీలో నెహ్రూ, మౌంట్‌బాటెన్‌ల ఫొటోలతో ఆమెకి పేరొచ్చింది గానీ, ఆమె మొదలుపెట్టింది బొంబాయిలో, ఆ నగరపు రోజువారీ జీవితంతో. జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో తనతో చదువుకున్న అమ్మాయిల్ని తీసింది. సహవిద్యార్థిని రెహానా మొఘల్ విక్టోరియా టెర్మినస్ దగ్గర నిలబడ్డ ఫొటో వాటిలో ఒకటి. అక్కడ స్టేషను కట్టడం ఆ అమ్మాయికి నేపథ్యం. అమ్మాయి స్టేషనుకి అలంకారం కాదు. చార్మినార్ క్యాలెండరుని ఆ ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక స్నేహితురాలు ఇంకో స్నేహితురాల్ని తమ ఊళ్ళో తీసిన ఫొటో అది.

ఆమె తొలినాళ్ళ ఫొటోలు కొన్ని భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. చీరకట్టుకుని కెమెరాతో తిరుగుతున్న తనని మగవాళ్ళు ఎవరూ పట్టించుకోలేదనీ, ఏదో సరదాకి తిరుగుతోందనుకున్నారనీ, దానివల్ల ఎవరూ అడ్డుపెట్టకుండా ఎక్కడికైనా వెళ్ళగలిగాననీ హోమాయి తర్వాత రోజుల్లో చెప్పుకొచ్చింది. చదివి నవ్వుకుంటాం కానీ, లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల దొరికిన స్వేచ్ఛని స్వేచ్ఛ అనాలా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఇవాళ మన వీధుల్లో ఆ స్వేచ్ఛ కూడా లేదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి గురించి రాసిన 'వై లాయిటర్?' (2011) ఈ విషయాన్నే చర్చించింది. స్త్రీ బయట కనబడితే ఏదో పని మీద వున్నట్టు కనబడాలి. ఆఫీసుకో, బడికో, బజారుకో. ఏ పనీ లేకుండా వీధిలో నిలబడే హక్కు మగవాడిది. పుట్టిన ఊరిని ఫొటో తియ్యాలంటే కావల్సింది సరిగ్గా అదే. వెలుగు మారేదాకా, జనం పలచబడేదాకా ఒకచోట ఊరికే నిలబడాలి. నేను కెమెరా పట్టుకుని నిలబడితే అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి "ఏ పేపరు మేడమ్?" అని అడుగుతారు. ఏ పేపరూ కాదు, ఊరికే అంటే వాళ్ళ చూపు మారిపోతుంది. పక్కనే కెమెరాతో వున్న కుర్రాణ్ణి మాత్రం లెన్సు ఎంతయిందని అడుగుతారు. కొన్నాళ్ళకి నేనూ అబద్ధం నేర్చుకున్నాను. యూనివర్సిటీ ప్రాజెక్టు అని చెప్పేదాన్ని. చదువు, ఉద్యోగం, చేతిలో ఖరీదైన వస్తువు - వీటిని చూపించి వీధిలో నిలబడే అనుమతి కొనుక్కున్నానన్నమాట.

ఇంతవరకూ నేను అన్యాయానికి గురైన పక్షాన వున్నాననే అనుకున్నాను. సికింద్రాబాదు మోండా మార్కెట్‌లో ఒక పొద్దున అది తారుమారైంది. ఆకుకూరలమ్మే ఒకామె, యాభై ఏళ్ళుంటాయేమో, కొత్తిమీర కట్టలు కడుతోంది. తడి గోనెపట్టా, చేతుల మీద వాలుగా పడుతున్న ఎండ. తీసేశాను. చప్పుడుకి తలెత్తి చూసింది.

"ఏం బిడ్డా, అడగకుండనే తీసినవా?"

"బాగుందని తీశానమ్మా."

"నీకు బాగుంటది. మా వియ్యపురాలు సూస్తె నాకు బాగుంటదా?"

కూతుర్ని ఇచ్చిన ఇంట్లో తను రోడ్డు మీద కూర్చుని కూరలమ్ముతుందని తెలియదట. దుకాణం వుందని చెప్పి పెళ్ళి చేశారట. నేను ఆమె ముందే ఆ ఫొటో తీసేశాను. ఆమె దాని గురించి ఇంకేమీ అనలేదు. కొత్తిమీర తీసుకుంటావా అని అడిగింది.

ఇంటికొచ్చి ఆ ఏడాది నేను తీసిన ఫొటోలన్నీ ముందేసుకుని చూశాను. ముడతలుపడ్డ చేతులు, పూలబుట్టల వెనక ముఖాలు, గాజుల కొట్టు ముందు వీపులు. క్యాలెండరు ఫొటోని తప్పుపట్టిన నేను తీసినవీ అవే. తేడా ఏమిటంటే నావి నలుపు తెలుపు. వీధిలో నిలబడే హక్కు కోసం నేను వాదిస్తున్నాను. ఆమె పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ వీధిలోనే కూర్చుంటుంది. ఆమెకి కావల్సింది అక్కడ వుండే హక్కొక్కటే కాదు. తన బతుకుదెరువు ఇంకొకరికి దృశ్యం కాకుండా వుండే హక్కు కూడా. నా స్త్రీవాదంలో మొదటిదానికి మాటలున్నాయి. రెండోదానికి ఆమె చెప్పేదాకా లేవు.

దీనికి ఒక అభ్యంతరం వుంది, న్యాయమైనదే. అడిగి తీస్తే రోజువారీ జీవితం వుండదు, పోజు మాత్రమే వుంటుంది. న్యూయార్కు వీధుల్ని దశాబ్దాలపాటు తీసిన హెలెన్ లెవిట్ ఎదుటివాళ్ళకి తెలియకుండా పక్కకి చూసే అద్దం కెమెరాకి బిగించుకునేది. పిల్లల ఆటల్ని ఆమె అంత సహజంగా పట్టుకోగలిగిందంటే అందుకే. లాఠీఛార్జినో, ఇళ్ళ కూల్చివేతనో తీసేవాళ్ళు ముందు అనుమతి అడగాలని ఎవరూ అనరు. అడగడం అన్నిచోట్లా చెల్లే సూత్రమని నేనూ అనను. కానీ అధికారానికి ఎదురుగా తీసే ఫొటోకీ, అందం కోసం మనకంటే తక్కువ బలమున్న మనిషిని తీసే ఫొటోకీ ఒకే సమర్థన పనికిరాదు. మోండా మార్కెట్‌లో నాకు సత్యం పేరు చెప్పుకునే అవసరమేమీ లేదు. నాకు కావల్సింది ఒక మంచి ఫొటో.

ఇంకో సంగతి. వీధి ఫొటోని రోజువారీ జీవితం అనుకోవడంలోనే పొరపాటుంది. లాడ్ బజారు లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల మెరుపు లేని పాతబస్తీ ఫొటోల పుస్తకం వుండదు. వాటిమీద రాళ్ళు అద్దే పనిలో చాలాభాగం పాతబస్తీ ఇళ్ళల్లో, ఇరుకు గదుల్లో, డజను లెక్కన కూలికి జరుగుతుంది. అందులో స్త్రీల చేతులెన్నో. ల్యాండ్‌మార్కు చుట్టూ తిరిగే కెమెరాకి ఆ గదిలోకి దారి లేదు. లోపలికి పిలిపించుకోవాలంటే పరిచయం కావాలి, పదిసార్లు వెళ్ళాలి, కొన్నిసార్లు కెమెరా లేకుండా వెళ్ళాలి.

కోఠీ మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం, వున్న చోటు ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా పరదాలో వుండేది. ముందువైపుకి వచ్చి ఆ భవనాన్ని చూడలేని ఆమె కోసం తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని ఒక కథ చెప్తారు. తను వుండే చోటి ముఖద్వారాన్ని ఆమె బొమ్మలో చూడాలి. 1949 నుంచి ఆ ఆవరణ ఆడపిల్లల చదువుది. ఆ స్తంభాల ముందు అమ్మాయిలు సెల్ఫీలు దిగుతుంటే మనలో కొందరం విసుక్కుంటాం. నేనూ విసుక్కున్నదాన్నే. ఇప్పుడు ఆ ఫొటోల్ని వేరేగా చదువుతున్నాను. భవనం వెనక వుంది, అమ్మాయి ముందుంది. ఎలా కనబడాలో, ఎవరికి చూపించాలో, ఏది చెరిపెయ్యాలో తనే తేల్చుకుంటోంది. పంపించాక అది ఎవరి చేతుల్లో పడుతుందోనన్న భయం కూడా తనదే.

మోండా మార్కెట్‌కి ఇప్పటికీ వెళ్తుంటాను. ఆమె నన్ను గుర్తుపడుతుంది. ఫొటో మాట మా మధ్య మళ్ళీ రాలేదు. మా ఊరి ఫొటోలంటూ నేను ఎప్పుడైనా ఒక పుస్తకం వేస్తే అందులో ఆమె వుండదు. ఎందుకు లేదో రాయడం మాత్రం మానుకోను.